ముట్టుకోవద్దన్న అడివి

అడివిలకు పోనిచ్చే ముందు చెక్‌పోస్టు కాడ మా సంచులు మూడూ బల్ల మీద బోర్లించిండ్రు. నా సంచిల నుంచి గంధం సబ్బు, కొబ్బరినూనె సీసా, ఒక బిస్కెట్ పుడ బయటపడ్డయి. తలల పెట్టుకున్న చామంతిపూలు తీసెయ్యమన్నరు. మా అన్న జేబుల నుంచి బీడీ కట్ట, అగ్గిపెట్టె పోయినయి. మాతోని వచ్చిన మెకానిక్ భాయ్ చెవిల ఎప్పుడూ ఇత్తరు అద్దిన దూది ఉంటది. గార్డు అది గూడ చూసిండు.

"ఏ వాసనా లోపలికి పోవద్దు," అన్నడు.

భాయ్ దూది తీసి కాగితంల చుట్టి ఇచ్చిండు. గార్డు ఆ పొట్లం మీద నంబరు రాసి, మా సామాన్లతోని పాటు ఒక రేకు డబ్బల ఏసిండు. తర్వాత నిలబడి రూల్స్ చదివిండు. గీసిన దారి దాటొద్దు. గట్టిగ మాట్లాడొద్దు. ఆకు తెంపొద్దు, రాయి ఏరొద్దు, రాలిన ఈకనైనా జేబుల ఏసుకోవద్దు. జంతువు బతికున్నా చచ్చిపడి ఉన్నా ముట్టుకోవద్దు. ముగ్గురం సంతకాలు పెట్టినం.

గోదావరికి అవతలి దిక్కు ఉన్న పులుల అడివి అది. రోడ్డు పక్క భాగంల జీపులు తిరుగుతయి, టికెట్ కొంటే ఎవరైనా పోవచ్చు. మేం పోయింది నడిమిట్ల భాగానికి. అక్కడికి మామూలు మనుషులను రానియ్యరు. పశువులను తోలరు, కట్టె కొట్టరు. ఏడాదికోసారి జంతువులనూ వాటి గుర్తులనూ లెక్కపెట్టేటప్పుడు మాత్రం బయటి మనుషులను కొంతమందిని సాయానికి తీసుకుంటరు.

నేను కోరుట్లల ఒక దవాఖాన ల్యాబుల పని చేస్త. రక్తం తీసుడు, స్లైడు చూసుడు. షుగర్ వచ్చినంక డాక్టరు నడవమన్నడని పొద్దున పొద్దున చెరువు కట్ట మీదికి పోవుడు మొదలుపెట్టిన. భాయ్ అక్కడనే కలిసేటోడు. బస్టాండు దిక్కు ఆయనకు బండ్ల షెడ్డుంది, నా స్కూటీ గూడ ఆయననే చూస్తడు. రోజూ కట్ట మీద పిట్టలను చూసి, పాత బిల్ బుక్కు వెనక ఉర్దూల రాసుకునేటోడు. పేరు తెలువని పిట్టకు తనే ఒక పేరు పెట్టేటోడు. నీళ్ల అంచున చేతులు వెనక్కి కట్టుకున్నట్టు నడిచే పొడుగుకాళ్ల పిట్టను చూపించి ఒకసారి, "గిది తహసీల్దార్ అక్కా," అన్నడు. అడివి లెక్కకు మనుషులు కావాలని ఫోన్ల వచ్చిన కాగితం ఆయననే చూపించిండు. ఒక్కో గుంపుల ముగ్గురుండాలె. మూడో పేరు కాడ మా అన్న పేరు నేను అడగకుండనే రాసిన.

మాది బోయినపల్లి మండలంల ఒక ఊరు. గుంట భూమి లేని ఇల్లు. నాయిన కూలికి పోయేటోడు, అమ్మ బీడీలు చేసేది. అన్న పదో తరగతి గూడ కాకముందే సిరిసిల్లకు పోయి సాంచెల మీద కుదిరిండు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటరు. సగం వయసు ఆ చప్పుడులనే గడిచింది. ఇప్పుడు చెవులు సరిగ్గ వినపడయి. సాంచెల పని వదిలిపెట్టి ఒక బట్టల గోదాంకు కాపలా ఉంటున్నడు. ఫోన్ల అరిచి సంగతి చెప్తే గట్టిగ నవ్విండు.

"అడివిల నేనేం చెయ్యాలె చెల్లె? పులి పక్కకచ్చి గాండ్రించినా నాకు వినపడది."

"వినేది లేదన్నా. చూసుడే."

"చూసి?"

"కాగితం మీద రాసుడు."

"ఎందుకు?"

"నాకు తోడు రా," అన్న. వచ్చిండు. జగిత్యాల బస్టాండుల కలుసుకొని, ధర్మపురి మీదికెళ్లి రాయపట్నం వంతెన దాటినం.

అడివిల మాకు ఒక రేకుల షెడ్డు చూపించిండ్రు. తోవ చూపే వాచర్ ముప్పై దాటిన మనిషి. తక్కువ మాట్లాడేటోడు. ఆయన పుట్టిన ఊరు ఒకప్పుడు ఆ నడిమిట్ల అడివిలనే ఉండెనట. ఊరును ఎత్తి బయట రోడ్డు పక్కన పెట్టినంక, ఆయనకు గిదే అడివిల కాంట్రాక్టు కొలువు దొరికింది. మొదటి రోజు నడిచేటప్పుడు గడ్డి మొలిచిన ఒక దిబ్బ కాడ ఆగి, "ఇది మా ఇల్లు," అన్నడు. పొయ్యి రాళ్లు రెండు మిగిలినయి. మూడోది కనపడలే.

"మళ్ల రావాలనిపిస్తదా తమ్మి?" అని అడిగిన.

"రోజూ వస్తనే ఉన్న గద మేడం," అని ముందుకు నడిచిండు.

పని తేలికనే. తెల్లారంగనే చెట్లకు ఎర్ర రంగు పూసిన దారి వెంట వరుసగ నడవాలె. కనపడ్డ జంతువును, అడుగును, పెంటను రాయాలె. కాని టేకాకులు ఎండి రాలి ఉన్నయి. ఎంత మెల్లగ అడుగేసినా అప్పడం ఇరిగినట్టు చప్పుడైతది. ఆ మీద మా అన్నకు గుసగుస వినపడదు. వాచర్ మెల్లగ ఏదన్న చెప్తే, "ఆ? ఏమన్నవ్?" అని అడివంత వినపడేటట్టు అడుగుతడు. మొదటి పొద్దు కొండముచ్చుల గుంపొకటి ఆ గొంతుకే చెదిరిపోయింది. వాచర్ ముఖం మాడ్చుకున్నడు.

షెడ్డుకు తిరిగొచ్చినంక అన్ననే ఉపాయం చెప్పిండు. సాంచెల షెడ్డుల చెవి పక్కన అరిచినా వినపడదు కాబట్టి వాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటరు. అరచెయ్యి చూపిస్తే ఆగుమని. బొటనవేలు పెదవికానిస్తే చాయ్. రెండు వేళ్లు కలిపి పటుక్కున విడదీస్తే పోగు తెగిందని. "గిండ్ల చప్పుడే లేదు," అన్నడు. వాచర్ కాసేపు చూసి, దుప్పికి, పందికి, ఎలుగుకు కొత్త సైగలు తనే కల్పిండు. మరునాటి నుంచి నలుగురం నోరు విప్పకుండ నడిచినం. చెవులు వినపడని మనిషి కండ్లు ఎంత పని చేస్తయో ఆ రోజే చూసిన. మేం దాటేసిన వాటిని వెనక నుంచి అన్న చూపించేటోడు.

ఆ రెండో పొద్దున నేను తునికి చెట్టును చూసిన. మా ఇల్లు నడిచిందే బీడీలు చుట్టే తునికాకు మీద. నీళ్లల్ల నానబెట్టిన ఆకు, కత్తెర, రేకు అచ్చు, వాటి నడుమ అమ్మ. కాని మాకు ఆకు ఎప్పుడూ కట్టలల్లనే వచ్చేది. చెట్టు ఎట్లుంటదో నాకు తెలువదు. ఇక్కడి చెట్టు నల్లటి బెరడుతోని, ముదిరి, పురుగులు తొలిచిన ఆకులతోని నిలబడ్డది. ఆ ఆకులకు ఎవరూ రారు. నా చెయ్యి దానంతట అదే లేచింది. వాచర్ గొంతు సవరించుకున్నడు. చెయ్యి దించిన.

మూడో పొద్దున, సగం దూరం పోయినంక, అన్న వెనక నుంచి వచ్చి నా భుజం తట్టిండు. రెండు వేళ్లు కలిపి పటుక్కున విడదీసిండు. పోగు తెగింది అని. నాకు అర్థం కాలే. ఆయన చూపుతున్న దిక్కు పొదలు తప్ప ఏం లేవు. మళ్ల అదే సైగ చేసిండు. తర్వాత అడిగితే చెప్పిండు, రెండు మొక్కల నడుమ ఒక గీత ఉండరాని కాడ ఉన్నట్టు కనపడ్డదని. ఏండ్ల తరబడి పోగులు చూసిన కన్ను.

వాచర్ వంగి చూసి, మమ్మల్ని ఆగుమని ఒక్కడే ముందుకు పోయిండు. కొంచెంసేపటికి చెయ్యి ఊపితే మేమూ పోయినం. పొద వెనక ఆడ దుప్పి పడి ఉన్నది. ముందు కాలుకు ఉచ్చు బిగుసుకున్నది. చుట్టూ నేలంత గీరి గీరి మన్ను లేచింది. మమ్మల్ని చూసి లేవబోయి పడ్డది. లేచినప్పుడల్ల తీగ ఇంకింత లోపలికి దిగుతున్నది.

వాచర్ వైర్‌లెస్ తీసి పిలిచిండు. గరగర తప్ప మాట లేదు. గుట్ట మీదికెక్కితేగాని సిగ్నల్ అందదన్నడు. పశువుల డాక్టరు మందు సూదితోని పట్నం నుంచి రావాలె, వచ్చేసరికి మధ్యాహ్నమైతదన్నడు. "అప్పటిదాక ఎవరూ ముట్టొద్దు. రూల్."

"అప్పటిదాక ఉంటదా?" అని భాయ్ అడిగిండు.

వాచర్ నా దిక్కు చూసిండు, దవాఖాన మనిషి కదా అని. కాలు తీగ కింద ఉబ్బి ఉన్నది. నోట్లె నురుగు. "నాకు మనుషుల సంగతే ఎరుక తమ్మి," అన్న. "కాని గిట్లనే గుంజుకుంటుంటే ఉండది."

"అది క్లచ్ తీగ," అన్నడు భాయ్. అప్పటిదాక ఆయన దుప్పిని కాదు, తీగనే చూస్తున్నడు. "మోటర్‌సైకిల్‌ది. కట్టర్ అవసరం లేదు. అది గుంజకుండ మీరు పట్టుకుంటే చాలు, ముడిని వెనక్కి నూకుత. ఒక్క నిమిషం."

"నాది కాంట్రాక్టు కొలువు భాయ్," అన్నడు వాచర్.

వాచర్ అవునన్లే, కాదన్లే. కొద్దిసేపటికి భుజం మీది తువ్వాల తీసి, పక్కనుంచి పోయి, దుప్పి కండ్ల మీద కప్పి తలను ఒడిల పెట్టుకున్నడు. అన్న వెనక కాళ్లు పట్టుకున్నడు. నేను ముందు కాలును తీగకు పైన పట్టుకున్న. నా అరచెయ్యి కింద నాడి కొట్టుకుంటున్నది. అంత వేగంగ కొట్టుకునే నాడి దవాఖానల నా చేతికి ఎన్నడూ తగల్లే. భాయ్ రెండు బొటనవేళ్లతోని ఉచ్చును మెల్లగ వెనక్కి నూకిండు. ఒకసారి జారింది. రెండోసారి వచ్చింది. తీగ ఊడినంక ఎముకను తడిమి చూసిన. ఇరిగినట్టు లేదు.

వాచర్ తువ్వాల తీసిండు. దుప్పి లేవలే. మేం వెనక్కి జరిగినం. చానాసేపు అట్లనే పడుకొని, ఒక్కసారిగ లేచి, మూడు కాళ్ల మీద పొదలల్లకు పోయింది. అన్న చూడకుండ చేతుల మన్ను దులుపుకుంటున్నడు. తలెత్తి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పిండు. పోయిందని సైగ చేసిన. ఆ తర్వాత అది బతికిందా, ఏమైందా నాకు తెలువదు.

ఆ దారి పొడుగునా వెతికితే అట్లాంటి ఉచ్చులు ఇంకా కొన్ని దొరికినయి. వాచర్ అన్నిటినీ చుట్ట చుట్టి భుజానికేసుకున్నడు. షెడ్డుకు వచ్చేసరికి పై సారు జీపుల వచ్చి ఉన్నడు. తీగలను చూసిండు, మా బట్టల మీది మన్నును చూసిండు, వాచర్ తువ్వాలకంటిన నెత్తురును చూసిండు. ఉచ్చుల ఆడ దుప్పి పడ్డదని వినంగనే కోపం వాచర్ మీదికే పోయింది.

"బయటి మనుషులతోని జంతువును పట్టిస్తవా? వాళ్లను కొమ్ము పొడిస్తే ఎవరు జవాబిస్తరు? నువ్వు రూల్ చదవలేదా?"

ఆడ దుప్పికి కొమ్ములుండవని ఆయనకు గూడ ఎరుకే. వాచర్ తలొంచుకొని నిలబడ్డడు.

"సార్, ఆయన వద్దనే అన్నడు," అన్నడు భాయ్. "తువ్వాల అక్కడ పెట్టి, వైర్‌లెస్ అందక గుట్ట దిక్కు పోయిండు. నేను ఆగలే. నేనే ముట్టుకున్న. ఒక్కణ్నే."

సారు మమ్మల్ని చూసిండు. "మీరు?"

నేను పట్టుకున్న అని చెప్పాలె. అది చెప్తే మళ్ల ఏడాది నన్ను రానియ్యరని గూడ అప్పుడే మనసుల మెదిలింది. మూడు రోజులల్ల ఆ అడివి నాకు అంత ముఖ్యమైపోయిందని నాకే తెలువదు. నేను మాట్లాడలే. అన్నకు ప్రశ్న వినపడలే. నా ముఖం చూసి ఏదో అడుగుతున్నరనుకున్నడు, నేను ఊకున్నందుకు తనూ ఊకున్నడు. సారు భాయ్‌తోని ఒక కాగితం రాయించుకున్నడు. భాయ్ తెలుగుల మెల్లగ, ఒక్కో అక్షరం దిద్దుకుంట రాసిండు. వాచర్ కొలువు పోలే.

తిరుగు బస్సుల భాయ్ కిటికీ పక్కన కూసున్నడు. లక్సెట్టిపేట దాటినంక, "నా షెడ్డుల గూడ పాత తీగలు కుప్ప ఉంటయి అక్కా," అన్నడు. "ఎవరడిగినా ఇస్త. ఊకెనే. ఒకాయన ఎండాకాలం ముందల వస్తడు, బీరపందిరికని పట్టుకపోతడు. ఏడాదేడాది ఎన్ని పందిళ్లు ఏస్తడో నేనెన్నడూ అడగలే."

"గాయననే అంటవా?"

"ఎరుక లేదు. గాయన నిజంగనే బీరకాయలు పెడుతుండొచ్చు."

అన్న మా పెదవులను చూస్తున్నడు. సాంచెల కాడ చేతులతోని పాటు పెదవులను చదువుడు గూడ నేర్చుకున్నడు. మొత్తం అర్థమైనట్టుంది. భాయ్ మోకాలి మీద చెయ్యేసి, తీసుకున్నడు.

ఆ వారం నుంచి భాయ్ షెడ్డుల పాత తీగ ఒక్కటి పొడుగుది లేదు. ఏ బండిది విప్పినా ముందు కట్టర్‌తోని జానెడు జానెడు ముక్కలు చేసి పాత సామాన్లల్ల ఏస్తున్నడు. ఎండలు మొదలైనప్పుడు ఆ మనిషి వచ్చిండు. అప్పుడు నేను స్కూటీ బ్రేకు చూపించుకుందామని అక్కడనే ఉన్న. యాభై దాటిన రైతు, తలకు రుమాలు. తీగలున్నయా అని అడిగిండు. భాయ్ ముక్కల డబ్బ చూపించిండు.

"గివి ఏం పనికొస్తయి?" అన్నడాయన.

"దేనికీ పనికిరావద్దనే."

"ఏమైందే? నేను పైసలియ్యననుకున్నవా?"

"పైసలు కాదు అన్నా. పందిరికి జనుప తాడు వాడు, నేనే కొనిస్త."

ఆయన నన్ను చూసిండు, భాయ్‌ని చూసిండు. ఏమన్న అంటడేమోనని నేను చూస్తున్న. "నీ ఇష్టం," అని బండెక్కి పోయిండు. మళ్ల తన బండిని ఆ షెడ్డుకు తేలే. అందుల ఏం అర్థం చేసుకోవాలెనో నాకు ఇప్పటికీ తెలువదు.

మరుసటి ఏడాది జాబితా వచ్చింది. నా పేరుంది, అన్న పేరుంది. భాయ్ పేరు లేదు. నేను ఆయనకు ఫోన్ చూపించిన. "నువ్వు పో అక్కా," అన్నడు, స్పానర్ కింద పెట్టకుండ. అన్నకు ఫోన్ చేస్తే మూడు మాటల్ల తేల్చిండు. "భాయ్ లేకుంటే రాను." ఎందుకని నేను అడగలే.

నేను ఒక్కదాన్నే పోయిన. వేరే ఊర్ల ఇద్దరితోని కలిపిండ్రు. వాళ్లు మంచోళ్లే, ఫోటోలు బాగ తీసేటోళ్లు. వాచర్ అదే మనిషి. నన్ను చూడంగనే, "భాయ్ రాలేదా?" అన్నడు. చెప్పిన. ఆయన "పోదాం పారి," అన్నడు. అప్పటిదాక నన్ను మేడం అన్నోడు, ఆ మూడు రోజులు మేడం అని గూడ అన్లే. వేరే వాళ్లతోని మాట్లాడిండు. రెండో రోజు బురదల పులి అడుగు దొరికింది. ఇంతకుముందు ఏడాది దానికోసమే చూసినం. దాని పక్కన స్కేలు పెట్టి కొలిచి రాసిన. వేళ్లు నాలుగు, మడమ గుర్తు వెడల్పు. సంతోషం అనుకున్నంత కాలే.

వచ్చినంక సిరిసిల్లకు పోయి అన్నకు చెప్పిన. గోదాం ముందు కుర్చీ ఏసుకొని కూసున్నడు. అడుగు ఎంత పెద్దగుందో చేతులతోని చూపించిన. తలూపిండు. తర్వాత అడిగిండు, "ఆ రోజు సారు మనల్ని ఏమడిగిండు?"

ఏడాది నుంచి అడగలే. ఇప్పుడు అడిగిండు. పెదవులు సరిగ్గ కనపడేటట్టు ఎదురుగ కూసొని చెప్పిన. మీరేం చేసిండ్రని అడిగిండన్నా. నేను చెప్పలే.

"నాకు వినపడలే," అన్నడు అన్న. "నీకు వినపడ్డది."

ఆ పొద్దు అన్నం పెట్టిండు, బస్సెక్కిచ్చిండు.

కోరుట్లకు వచ్చినంక ఆ సారుకు ఒక ఉత్తరం రాసిన. దుప్పి కాలు పట్టుకున్నది నేను, వెనక కాళ్లు పట్టుకున్నది మా అన్న, మమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యలే అని. వాచర్ మాట రాయలే. అన్నకు ముందే చూపించి, ఆయన సంతకం గూడ పెట్టించిన. భాయ్‌కి చెప్తే కోపానికొచ్చిండు. "నేను చేసిన పనిని పాడు చేసినవ్ అక్కా. ఒక్కడు బయట ఉంటే సరిపోతుండె," అన్నడు. నాలుగైదు రోజులు కట్ట మీద కలిసినా ముందుకు నడిచిపోయిండు. తర్వాత మామూలుగనే ఉన్నడు.

ఈ ఏడాది జాబితాల మా ముగ్గురిల ఎవరి పేరూ లేదు. ఉత్తరానికి జవాబు గూడ రాలే.

ఇప్పుడు నెలకొక ఆదివారం ముగ్గురం కోనరావుపేట దిక్కు గుట్టలల్ల నడుస్తున్నం. నేను చర్చిల ప్రార్థన అయినంక బయలుదేరుత, ముందే పోయిన భాయ్, అన్న సిరిసిల్ల కాడ ఎదురుచూస్తరు. దానికి ఎవరి పర్మిషనూ అవసరం లేదు. మేకలు మేస్తుంటయి, తాగి పడేసిన సీసాలుంటయి, పక్క క్వారీ నుంచి దుమ్ము వస్తది. మొన్న ఒక నెమలి రాళ్ల మీది నుంచి దిగి, మమ్మల్ని చూసి, తొందరపడకుండ అవతలి దిక్కు పోయింది.